బ్యాటరీ బిల్లు ఎవరి నెత్తిన పడుతుంది?

ఎలక్ట్రిక్ కారు కొన్నామని చెప్పామా, చుట్టాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: “అంతా బాగానే ఉంది గానీ బావా, బ్యాటరీ పోతే?” జవాబు కోసం ఆగరు. ఆరు లక్షలని ఒకరు, పది లక్షలని ఇంకొకరు, ఆ డబ్బు పెడితే కొత్త కారే వస్తుందని మూడోవారు. మిఠాయి డబ్బా ఇంకా చేతిలోనే ఉంటుంది, కొన్నవాడి మొహం మాత్రం వాడిపోతుంది. కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాడైతే ఆ పూటకే ఆలోచన మానుకుని మళ్లీ పెట్రోల్ బండ్ల బ్రోచర్లు తిరగేస్తాడు.

వెనకటి అధ్యాయాల్లో ఇంటి అప్పు గురించీ ఆస్పత్రి ఖర్చు గురించీ మాట్లాడుకున్నప్పుడు ఒక పని చేశాం. భయపెట్టే పెద్ద అంకెను పట్టుకుని, అది ఎప్పుడు వస్తుంది, ఎందుకు వస్తుంది, ఎవరి పేరున వస్తుంది అని విడగొట్టి చూశాం. ఇక్కడా అదే పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బ్యాటరీ మామూలుగా అరిగిపోవడం వల్ల జేబుకు చిల్లు పడేవాళ్లు తక్కువ. వరద నీళ్లు, వారంటీ కాగితంలో ఎవరూ చదవని ఒక పంక్తి, చేతులు మారిన బండి, ప్రీమియం తగ్గుతుందని తక్కువ చేసి రాయించుకున్న ఇన్సూరెన్స్: డబ్బు పోయేది ఎక్కువగా ఈ దారుల్లోనే. వీటిలో చాలావాటికి అడ్డుకట్ట వేసుకోవలసింది కొనే రోజునే.

ఆరు లక్షలా, పది లక్షలా?

కారు బ్యాటరీ సైజును కంపెనీలు కిలోవాట్-అవర్లలో చెబుతాయి. కంగారు పడక్కర్లేదు, మన కరెంటు బిల్లులో యూనిట్ అంటే అదే. 2020 జనవరిలో వచ్చిన మొదటి టాటా నెక్సాన్ ఈవీలో 30.2 యూనిట్ల బ్యాటరీ ఉండేది. టియాగో ఈవీ 19.2, 24 యూనిట్ల రకాల్లో వచ్చింది. మహీంద్రా బీఈ 6 కొనేవాళ్లు 59 యూనిట్లదా, 79 యూనిట్లదా అని తేల్చుకోవాలి. చిన్నదానికీ పెద్దదానికీ నాలుగు రెట్లు తేడా. కాబట్టి “ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ ఎంత” అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. స్థలం కొనేటప్పుడు గజం ఎంత, ఎన్ని గజాలు అని అడిగినట్టే, యూనిట్ ఎంత, ఎన్ని యూనిట్లు అని అడగాలి.

యూనిట్ ఎంత? బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ అనే పరిశోధనా సంస్థ ఏటా ప్రపంచ సగటు ధర ప్రకటిస్తుంది. 2010లో అది వెయ్యి డాలర్ల పైమాట. 2024కల్లా 115 డాలర్లకు దిగింది, అంటే మన డబ్బుల్లో పదివేల లోపే. ఇది కార్ల కంపెనీలు టోకున కొనుక్కునే ధర, మనకు దొరికేది కాదు. అయినా మన దేశంలో ఈ అంకె సరైనదేనా అని చూసుకోవడానికి ఒక దొడ్డిదారి ఉంది. 2024 సెప్టెంబరులో ఎంజీ కంపెనీ విండ్సర్ ఈవీని తెచ్చినప్పుడు రెండు ధరలు పెట్టింది. బ్యాటరీతో కలిపి కొంటే మొదలు 13.50 లక్షలు. బ్యాటరీ కొనకుండా అద్దెకు తీసుకుంటే కారు 9.99 లక్షలు, ఆపైన కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దె. అంటే 38 యూనిట్ల బ్యాటరీ విలువ మూడున్నర లక్షలని కంపెనీయే చెప్పినట్టయింది. యూనిట్‌కు తొమ్మిది వేల రెండొందల చిల్లర. లక్ష కిలోమీటర్లు తిరిగితే అద్దె రూపంలో అంత సొమ్మూ కట్టేస్తారు, ఆ తర్వాత కూడా అద్దె ఆగదు. (ఆ పథకం మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు చదవకుండా మాత్రం సంతకం పెట్టొద్దు.)

అదే బ్యాటరీని విడిభాగంగా కొంటే ఈ ధరకు రాదు. కంపెనీ లాభం, గోదాములో దాచిన ఖర్చు, ప్రమాదకర సరుకుగా లెక్కకట్టే రవాణా ఛార్జీ, విప్పి బిగించే కూలీ కలుస్తాయి. పైగా చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. కారుతో కలిపి వచ్చిన బ్యాటరీ మీద జీఎస్టీ 5 శాతం, ఎందుకంటే పన్ను మొత్తం బండి మీద పడుతుంది. విడిగా కొన్న లిథియం బ్యాటరీ మీద 18 శాతం. ఐదు లక్షల ప్యాక్ అయితే ఈ తేడాయే అరవై ఐదు వేలు. అన్నీ కలిపి ఇవాళ్టి రోజున యూనిట్‌కు పదిహేను వేలు వేసుకోండి. ఇది నేను వాడే మోటు లెక్క, షోరూమ్ కొటేషన్ కాదు. దాని ప్రకారం 24 యూనిట్ల బండికి మూడు లక్షల అరవై వేలు, 30 యూనిట్లదానికి నాలుగున్నర లక్షలు, 79 యూనిట్లదానికి పన్నెండు లక్షల దరిదాపు. చుట్టాలు చెప్పిన పది లక్షలు అబద్ధం కాదన్నమాట. కానీ అది పాతిక లక్షల బండి ముచ్చట, పది లక్షల బండికి తెచ్చి అంటగడుతున్నారు.

ధరలు ఏటా పడిపోతున్నాయి కదా, పదేళ్ల తర్వాత ఇంకా చవకవుతుందిలే అని ధీమాగా ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. బ్యాటరీ లోపలి సెల్ ధర తగ్గినంత వేగంగా విడిభాగం ధర తగ్గదు. ఆపేసిన మోడల్‌కు ఆ కొలతల్లోనే, ఆ ప్లగ్గులతోనే ప్యాక్ తయారుచేసి దాచాలి. అమ్ముడుపోయేవి తక్కువ కాబట్టి ధర మొండిగానే ఉంటుంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్లు 9,500 కోట్ల పెట్టుబడి ప్రకటించి 2023 మేలో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. సెల్స్ మన దగ్గరే తయారైతే కొత్త బండ్ల ధరకు మేలే. మీ పాత బండి లెక్కను మాత్రం దాన్ని నమ్ముకుని తగ్గించుకోవద్దు.

పోవడం అంటే ఏమిటి?

మన భయం ఇన్వర్టర్ దగ్గర పుట్టింది. నాలుగేళ్లకోసారి ఎలక్ట్రీషియన్ వచ్చి, “అంకుల్, ఇది అయిపోయింది, ఎక్స్చేంజ్ వేసి కొత్తది పెట్టేద్దాం” అంటాడు. బెంగళూరులో 2001లో వచ్చిన రేవా కారు తొలి రకాలూ ఇలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీల మీదే నడిచాయి. వాటిని కొన్నేళ్లకోసారి మార్చక తప్పేది కాదు. ఇప్పటి కార్లలో ఉన్నవి ఆ జాతివి కావు. ఇవి ఒక తెల్లవారుజామున హఠాత్తుగా అయిపోవు, ఏటా కొంచెం కొంచెం కుంచించుకుపోతాయి.

ఎంత కొంచెం? కెనడాకు చెందిన జియోటాబ్ సంస్థ వేలాది కార్ల వివరాలు పరిశీలించి, సగటున ఏడాదికి 1.8 శాతం సామర్థ్యం తగ్గుతోందని 2024లో చెప్పింది. మన ఎండలకు, మన వాడకానికి కాస్త పెంచి రెండు శాతం వేసుకుందాం. ఎనిమిదేళ్లకు పదహారు పోయి 84 మిగులుతుంది. కొత్తలో నిజంగా 200 కిలోమీటర్లు వచ్చిన బండి అప్పటికి 168 ఇస్తుంది. కంపెనీలు వారంటీలో సాధారణంగా గీసే గీత 70 శాతం. అక్కడికి దిగినా 140 కిలోమీటర్లు వస్తుంది. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చేవాళ్లకు అది చాలదా? హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు దారిలో ఒకసారి ఎక్కువ ఆగాల్సి వస్తుంది, అంతే. అరిగిన బ్యాటరీని మార్చి తీరాలన్న రూలేమీ లేదు. అవసరానికి చాలనప్పుడు మార్చాలి, లేదా ఆ బండిని తక్కువ తిరిగే ఇంకొకరికి ఇవ్వాలి.

అయితే వేడి విషయంలో మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు. నిస్సాన్ లీఫ్ కథ అందుకు సాక్ష్యం. అప్పట్లో ఆ కారు బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉండేది కాదు. అమెరికాలో అరిజోనా ఎడారి ఎండకు, ఫీనిక్స్ చుట్టుపక్కల బండ్లలో ఏడాది రెండేళ్లకే సామర్థ్యం పడిపోవడం 2012 ఎండాకాలంలో బయటపడింది. యజమానులు గొడవ చేశాక కంపెనీ సామర్థ్యానికి కూడా వారంటీ ఇచ్చింది, తర్వాత వేడిని తట్టుకునే సెల్స్ తెచ్చింది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బండి నడిపేవాళ్లు కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: బ్యాటరీకి కూలెంట్ తిరిగే ఏర్పాటు ఉందా, లేక గాలే దిక్కా?

వేడికి తోడు నిండు చార్జింగ్ కలిస్తే అరుగుదల ఎక్కువ. మన ఇళ్లలో ఇది ఎప్పుడు జరుగుతుందో చెబుతాను. కూతురు పురిటికో మనవడి పుట్టినరోజుకో అమ్మానాన్నలు ఆర్నెల్లు అమెరికా వెళతారు. వెళ్లేముందు నాన్నగారు జాగ్రత్తపరులు కాబట్టి బండిని నూరు శాతం చార్జ్ చేసి, రేకుల షెడ్డు కింద పెట్టి, కవరు కప్పి మరీ వెళతారు. చేయవలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. సగానికి చార్జ్ చేసి నీడలో ఉంచాలి, నెలకోసారి ఎవరైనా వచ్చి చూడాలి. మామూలు రోజుల్లో మాత్రం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలను అప్పుడప్పుడూ నిండా చార్జ్ చేయాలనే కంపెనీలు చెబుతాయి. నెక్సాన్, విండ్సర్, బీఈ 6 లాంటివాటిలో ఉన్నది ఈ ఎల్‌ఎఫ్‌పీ రకమే. దీని వోల్టేజీ చార్జింగ్ మధ్యలో పెద్దగా మారదు. అందుకని ఎంత మిగిలిందో బండికి సరిగ్గా తెలియక, మీటరులో కిలోమీటర్లు తప్పుగా చూపిస్తుంది. అది చూసి బ్యాటరీ అరిగిపోయిందని బెంగపడి సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తేవాళ్లున్నారు. ఒకసారి నెమ్మదిగా నూరు శాతం ఎక్కిస్తే చాలాసార్లు ఆ లెక్క సర్దుకుంటుంది.

ఇంకో గాభరా ఉంది. పొద్దున్నే బటన్ నొక్కితే బండి ఉలకదు పలకదు. పెద్ద బ్యాటరీ చచ్చిందనుకుంటాం. ఎలక్ట్రిక్ కార్లలోనూ పెట్రోల్ కారులో ఉన్నట్టే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. తాళాలు, స్క్రీను, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చులు పనిచేసేది దానిమీదే. నెలల తరబడి నిలబెట్టిన బండిలో ముందు పడుకునేది ఇదే. కొన్ని వేలల్లో పోయే ఖర్చు.

ఇక నిజంగానే పెద్ద బ్యాటరీలో తేడా వచ్చిందనుకుందాం. సర్వీస్ సెంటర్లో సంభాషణ ఇలా నడుస్తుంది.

“సార్, ప్యాక్ మార్చాలండి.”

“లోపల ఏం పోయిందండీ?”

“ఎర్రర్ వస్తోంది సార్. కంపెనీకి మెయిల్ పెట్టాం, అప్రూవల్ రావాలి.”

“ఏ ఎర్రర్ కోడ్? సెల్సా, సెన్సారా, బోర్డా?”

“అది టెక్నికల్ వాళ్లు చూస్తారు సార్.”

ఇక్కడ ఆగిపోకండి. ప్యాక్ అంటే ఒకటే ముద్ద కాదు. సెల్స్ కలిస్తే మాడ్యూల్, మాడ్యూళ్లు కలిస్తే ప్యాక్. వాటిని కాపలా కాసే ఎలక్ట్రానిక్ బోర్డు, కాంటాక్టర్లనే స్విచ్చులు, ఫ్యూజు, ఉష్ణోగ్రత సెన్సార్లు, కూలెంట్ పంపు వేరే. ఒక్క సెల్ నీరసిస్తే మొత్తం ప్యాక్ దాని వేగానికే నడవాలి, అప్పుడు ఒక మాడ్యూల్ మార్చడం సరిపోవచ్చు. కాంటాక్టర్ పోతే అదొక్కటే మార్చాలి. వారంటీలో ఉన్న బండికి కంపెనీ మొత్తం ప్యాక్ మార్చినా మనకు నష్టం లేదు. వారంటీ దాటాక ఈ తేడా లక్షల్లో ఉంటుంది. అందుకే ఎర్రర్ కోడ్, పోయిన భాగం పేరు, రిపేరు కుదరదంటే ఎందుకు కుదరదో జాబ్ కార్డు మీద రాయించుకోండి. మాటల్లో చెప్పింది రాతలో పెట్టమనేసరికి చాలాచోట్ల “ఒకసారి మళ్లీ చెక్ చేయిస్తాం సార్” అంటారు. బయటి మెకానిక్ చేత చవగ్గా చేయించుకునే ఆలోచన ఉంటే, శిక్షణ, పరికరాలు ఉన్నవాడేనా అని చూసుకోండి. కారు కింద కనిపించే నారింజ రంగు కేబుళ్లలో ఉన్నది వందల వోల్టుల కరెంటు. అది తగిలితే ప్రాణం పోవచ్చు.

తయారీలోనే లోపం ఉంటే కథ వేరు. 2021లో షెవ్రోలె బోల్ట్ బ్యాటరీలకు నిప్పంటుకునే ప్రమాదం ఉందని తేలితే జనరల్ మోటార్స్ లక్షా నలభై వేలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది. యజమానుల నుంచి బ్యాటరీకి పైసా తీసుకోలేదు. అందుకే బండి మీ పేరున, మీ ఫోన్ నంబరుతో కంపెనీ రికార్డులో ఉండాలి. రీకాల్ కబురు వచ్చేది ఆ నంబరుకే.

డబ్బు పోయే దారులు

మన దేశంలో ఎక్కువ కార్లకు ఇంతకాలం ఇచ్చిన బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ట్రావెల్స్‌కు తిప్పే బండి ఆ కిలోమీటర్లను మూడు నాలుగేళ్లలోనే దాటేస్తుంది. ఇటీవల “లైఫ్‌టైమ్” వారంటీల పోటీ మొదలైంది. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈలకు ఇచ్చింది. టాటా 2025లో హారియర్ ఈవీతో మొదలుపెట్టి కర్వ్, నెక్సాన్ 45 యూనిట్ల రకాలకూ పొడిగించింది. టాటా లెక్కలో లైఫ్‌టైమ్ అంటే పదిహేనేళ్లు, ప్రైవేటు కారు తొలి రిజిస్ట్రేషన్ చెల్లే గడువు. మంచిదే. కానీ ఆ మాట పక్కన చిన్న అక్షరాల్లో “మొదటి యజమానికి” అని ఉంటుంది. బండి చేయి మారిన రోజున అది మామూలు వారంటీకి దిగిపోతుంది. మహీంద్రాలో రెండో యజమానికి పదేళ్లు లేదా రెండు లక్షల కిలోమీటర్లు.

ఇది మన కుటుంబాల్లో ఎక్కడ గుచ్చుకుంటుందో చూడండి. కొడుకు డబ్బు కడతాడు, ముచ్చట కొద్దీ నాన్న పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తాడు. కొన్నేళ్లకు నాన్నగారు పోతారు, ఆర్సీ కొడుకు పేరుకు మారుతుంది. అతను మొదటి యజమానా, రెండోవాడా? వారసత్వంగా వచ్చిన బండికి మినహాయింపు ఉందేమో కొనే రోజే అడిగి, మెయిల్లో జవాబు తెప్పించుకోవాలి. ఎవరు ఎక్కువ కాలం నడుపుతారో వాళ్ల పేరున కొనడం అన్నిటికన్నా తేలిక.

వారంటీని చంపే పనులు చిన్నవిగానే కనిపిస్తాయి. సీట్ కవర్లు వేసే షాపులో “సార్, ఒక్క వైరు కట్ చేసి లైట్లు పెడదాం” అంటాడు. ఇంట్లో చార్జర్‌కు ఎర్తింగ్ లేకుండానే ఎలక్ట్రీషియన్ ఏదో ఒక కిటుకుతో లైన్ ఇస్తాడు. సర్వీస్‌లో మార్చడానికి ఆయిల్ కూడా లేదు కదా అని రెండు సర్వీసులు ఎగ్గొడతాం. క్లెయిమ్ రోజున కంపెనీ ముందుగా వెతికేవి ఇవే.

నీళ్ల సంగతి పెద్దది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఇళ్ల ముందున్న కార్లు అద్దాల దాకా మునిగాయి. “ఐపీ67 కదండీ, నీళ్లు పోవు” అని షోరూమ్‌లో చెప్పింది అక్కడ అక్కరకు రాదు. ఆ పరీక్షలో బ్యాటరీని మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉంచుతారు. మూడు రోజుల మురికి వరద నీటికి ఆ కాగితం హామీ ఇవ్వదు, వారంటీ కూడా వరదను కలుపుకోదు. అప్పుడు ఆదుకోవలసింది ఇన్సూరెన్స్ ఒక్కటే. మునిగిన బండిని ఆన్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి కబురు చేసి, నాలుగు చక్రాలూ పైకెక్కించే వాహనం మీదే తరలించమని అడగండి. ఆన్ చేసి చూశాక కాలిపోయిందని సర్వేయర్ రాశాడా, గొడవ మొదలైనట్టే.

ఇన్సూరెన్స్ పాలసీలో మూడు విషయాలు చూడాలి. మొదటిది తరుగుదల. మోటారు ఇన్సూరెన్స్ నిబంధనల్లో టైర్లు, ప్లాస్టిక్ భాగాలతో పాటు బ్యాటరీలకూ 50 శాతం తరుగు రాసి ఉంది. ఆ నియమం రాసిన రోజుల్లో బ్యాటరీ అంటే బానెట్ కింద చిన్న డబ్బా. ఐదు లక్షల ప్యాక్‌కు అదే వర్తిస్తుందంటే రెండున్నర లక్షలు మీ జేబులోంచి పోతాయి. కాబట్టి జీరో డెప్, అంటే తరుగు కోయని కవర్ తీసుకోవాలి, అది పెద్ద బ్యాటరీకి కూడా వర్తిస్తుందని పాలసీలో ఎక్కడ రాసి ఉందో వేలు పెట్టి చూపించమనాలి. రెండోది, బ్యాటరీకి విడిగా అమ్మే కవర్. నీళ్లు, షార్ట్ సర్క్యూట్ దాంట్లో ఉన్నాయా లేదా చూడండి. మూడోది ఐడీవీ, అంటే బండికి కట్టిన విలువ. దీని దగ్గరే తెలివైనవాళ్లు కూడా బోల్తా పడతారు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద కట్టి ఐడీవీ చేతిలో పెడుతుంది. ఆరేళ్ల బండికి బ్యాటరీ పోయిందంటే ఇలా జరిగే అవకాశం ఉంది. ప్రీమియంలో రెండు వేలు మిగులుతాయని ఐడీవీని ఏడు లక్షల నుంచి ఐదుకు తగ్గించుకున్నవాడు, ఆ రోజున రెండు లక్షలు పోగొట్టుకుంటాడు.

కింద రాయి తగలడం కూడా మరవొద్దు. మన ఊళ్లలో ఒక్కో స్పీడ్ బ్రేకర్ చిన్న గట్టులా ఉంటుంది. ప్యాక్ అడుగున సొట్ట పడితే, లోపల సెల్స్ బాగున్నా భద్రత కోసం మొత్తం మార్చాలంటారు. సర్వీస్‌కు ఇచ్చినప్పుడల్లా లిఫ్ట్ మీద ఉండగా అడుగు భాగం ఫొటో తీసి తేదీతో దాచుకోండి. పాత సొట్టా కొత్త సొట్టా అనే వాదన వచ్చినప్పుడు అదే మీ సాక్షి.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తినేది సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లు. 2021 డిసెంబరులో ఫిన్లాండ్‌లో ఒకాయన తన టెస్లాను 30 కిలోల డైనమైట్ పెట్టి పేల్చేశాడు. బ్యాటరీ మార్చడానికి కనీసం ఇరవై వేల యూరోలు అవుతుందన్నారట. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది, మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. అది 2013 మోడల్, ఎనిమిదేళ్ల పాత బండి అన్న ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. భయం ఉండాల్సింది అక్కడే: వారంటీ అంచున ఉన్న బండి మీద.

అలాంటిది కొనక తప్పకపోతే ఇలా చేయండి. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం, ఆ మోడల్‌కు సరిపోయే యాప్ తెలిసిన కుర్రాణ్ణి వెంట తీసుకెళ్లండి. చార్జింగ్ సగం దగ్గర ఉండగా, బండి నిలిపి, ఎక్కువ వోల్టేజీ ఉన్న సెల్‌కూ తక్కువ ఉన్న సెల్‌కూ తేడా చూడమనండి. తేడా తక్కువగా ఉన్నంత మాత్రాన బాగుందనుకోవద్దు, ఎల్‌ఎఫ్‌పీ రకంలో చార్జింగ్ మధ్యలో లోపం బయటపడకపోవచ్చు. నూరు మిల్లీవోల్టులు దాటితే మాత్రం లేచి రండి. ఆ తర్వాత బండిని గట్టిగా యాక్సిలరేటర్ నొక్కి నడిపించి, ఒక్క సెల్ మాత్రమే మిగతావాటికన్నా కిందికి జారిపోతోందా అని చూడాలి. అది కూడా నచ్చాక, అదే కంపెనీ సర్వీస్ సెంటర్లో డబ్బు కట్టి బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు తీయించండి. “అన్నా, నమ్మకం లేదా?” అని అమ్మేవాడు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. బేరం కుదిరాక ఆర్సీ పేరు మార్పు, కంపెనీ రికార్డులో వారంటీ బదిలీ రెండూ అయ్యాకే చివరి విడత డబ్బు ఇవ్వండి. తెలిసినవాళ్ల బండేగా అని పేరు మార్చకుండా ఏళ్ల తరబడి నడిపే అలవాటు మనకుంది. బ్యాటరీ విషయంలో ఆ మొహమాటం ఖరీదు లక్షల్లో ఉంటుంది.

కిలోమీటరుకు మూడు రూపాయలు

ఇప్పుడు మిగిలింది, అన్నీ సక్రమంగా చేసినా వారంటీ అయ్యాక బ్యాటరీ పోయే అవకాశం. దానికి హుండీ పెట్టుకుందాం.

హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయలు, బండి పదిహేను ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు ఏడు రూపాయల చిల్లర. ఎలక్ట్రిక్ బండి గోడ దగ్గర తీసుకున్న ఒక్కో యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు నడిచి, యూనిట్ తొమ్మిది రూపాయలు పడితే, కిలోమీటరుకు రూపాయిన్నర. మిగులు ఐదున్నర. ఈ మిగులే మనవాళ్లు చేసే పొరపాటుకు మూలం. దాన్ని ఆదాయం అనుకుంటారు, ఈఎంఐలోనో ఓటీటీలోనో కరిగిపోతుంది. అందులో మూడు రూపాయలు మీవి కావు, బ్యాటరీవి.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంటికి అది మూడు వేలు. బండి డెలివరీ తీసుకున్న వారంలోనే బ్యాంకులో పదేళ్ల రికరింగ్ డిపాజిట్ తెరిచి, జీతం పడ్డ మర్నాడే కోత పడేలా పెట్టండి. ఆరున్నర శాతం వడ్డీ వస్తే పదేళ్లకు ఐదు లక్షలు అవుతుంది. మన మోటు లెక్కలో 30 యూనిట్ల ప్యాక్ ఖరీదు నాలుగున్నర లక్షలు కదా, సరిపోయింది. విండ్సర్ వాళ్లు 2024లో బ్యాటరీకి పెట్టిన అద్దె కిలోమీటరుకు మూడున్నర. మీరు అంతకన్నా తక్కువ అద్దె మీకే కట్టుకుంటున్నారు. బ్యాటరీ పోకపోతే ఆ డబ్బు మీదే. 59, 79 యూనిట్ల బండ్లవాళ్లు ఐదో ఏడో రూపాయలు వేసుకోవాలి, అంటే పెట్రోలు మీద మిగిలినదంతా హుండీకే పోతుంది, 79 యూనిట్లకు అదీ చాలదు. వాళ్లకు లైఫ్‌టైమ్ వారంటీ ఉంది కాబట్టి, మొదటి యజమానిగానే బండిని చివరిదాకా ఉంచుకునేటట్టయితే ఈ హుండీ అవసరం పెద్దగా లేదు. రెండేళ్లకోసారి మార్చే అలవాటు ఉన్నవాళ్లకు అసలే లేదు. వాళ్ల బ్యాటరీ ఖర్చు రీసేల్ ధరలో కోతగా వస్తుంది.

నెలకు మూడు నాలుగు వందల కిలోమీటర్లు కూడా తిరగని ఇళ్లకు నిజాయితీగా చెప్పాలంటే, డబ్బు మిగులుతుందన్న ఆశతో ఎలక్ట్రిక్ కారు కొనొద్దు. వాడినా వాడకపోయినా బ్యాటరీకి వయసు మీద పడుతుంది, పెట్రోలు మీద మిగిలేది మాత్రం కిలోమీటర్లు తిరిగితేనే. చప్పుడు లేదనో, పొగ లేదనో కొనుక్కోండి, అది వేరే సంతోషం.

చివరగా, మార్చవలసిన రోజే వస్తే, కొటేషన్ చేతికి రాగానే పాత ప్యాక్ ఎవరిదని అడగండి. నిస్సాన్ 2014లో అమెరికాలో లీఫ్‌కు కొత్త బ్యాటరీ 5,499 డాలర్లని ప్రకటించింది. పాతది తిరిగి ఇస్తేనే ఆ ధర. కారుకు చాలని 65, 70 శాతం ప్యాక్ కూడా సోలార్ కరెంటు దాచుకోవడానికి పనికొస్తుంది. పూర్తిగా పాడైనదాంట్లోనూ లిథియం, రాగి, అల్యూమినియం ఉంటాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుది. అందుకని మీరు దాన్ని ఇంటికి తెచ్చుకునీ, పాత సామాన్ల బండికి వేసీ లాభం లేదు, ప్రమాదం కూడా. కానీ ఊరికే వదిలేయనూ అక్కర్లేదు. కొటేషన్‌లో “పాత ప్యాక్ విలువ తగ్గింపు” అని ఒక వరుస వేయించి, ఎదురుగా అంకె రాయించండి. ఖాళీగా వదిలితే సంతకం పెట్టకుండా కాగితం వెనక్కి తోయండి.